నలభై ఎనిమిది బైట్ల ఇల్లు

మా వదినను ఆఫీసులో పేర్లావిడ అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె పలుకుతుంది కూడా.

మా పని లిఫ్టులతో. వాటిని కట్టం, బిగించం. ప్రతి లిఫ్టుకీ ఒక చిన్న రేకు పెట్టె ఉంటుంది. అందులో నడిచే ప్రోగ్రాములు రాస్తాం. వాటన్నిటికీ అడుగున ఒకటి ఎప్పుడూ మేలుకుని ఉంటుంది. అది కెర్నెల్. అది పడిపోతే లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. బ్రేకులు పడతాయి, దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. పడిపోతూ కెర్నెల్ కొన్ని అంకెలు రాసి మరీ పడుతుంది. ఇరవై వరసలు. చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు.

ఆ అంకెల్ని పేర్లుగా మార్చడం వదిన పని.

పెళ్లికి ముందు ఆమె టెలిఫోన్ విచారణ కౌంటర్లో నాలుగేళ్లు కూర్చుంది. ఈ నంబరు ఎవరిదండీ అంటే చెప్పేది. తరవాత ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. "పని అదే, కుర్చీ మారింది" అంటుంది. ఇప్పుడామెకు ముప్పై తొమ్మిది. నవ్వు మొదలైతే ఎక్కిళ్లలోకి దిగుతుంది, మంచినీళ్లు తాగితే గాని ఆగదు. ఇంట్లో ప్రతి స్విచ్చు కిందా కాగితం ముక్క అంటించి పేరు రాసింది. వంటింట్లో ఒక స్విచ్చు ఎందుకుందో ఎవరికీ తెలియదు. కళ్లద్దాలు చేసే మా అన్నయ్య దాన్ని వారం రోజులు వేసి, తీసి, వేసి, ఓడిపోయాడు. దాని కింద "దేనిదీ కాదు" అని రాసింది వదిన.

మేం వాడే డీబగ్గర్ ఆమె రాసిందే. కెర్నెల్ ఎక్కడ పడిందో వెతికిపెట్టే ప్రోగ్రాం అది. రాసి తొమ్మిదేళ్లు. నేను ఆ ఆఫీసులో చేరిన మొదటి రోజు బోర్డు మీద పొడుగ్గా ఒక గీత గీసింది.

"ఇది వీధి అనుకో. ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ప్రతి గదికీ నంబరుంది. పేరు పలక మాత్రం ఇంటికి ఒక్కటే, మొదటి గుమ్మానికి. నీకొక నంబరిచ్చి, ఈ గది ఎవరింట్లోది అంటే ఏం చేస్తావ్?"

"తలుపు కొడతాను."

"పలికేవాడు పడిపోయి ఉన్నాడు గదే పిల్లా! వెనక్కి నడు. మొదట కనబడిన పలక ఎవరిదో ఇల్లు వాళ్లది. ఎన్ని అడుగులు వెనక్కి వచ్చావో అంత లోపల పడ్డాడన్నమాట."

ఇల్లంటే ఫంక్షన్, ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్క. ఆ పలకల జాబితానే సింబల్ టేబుల్ అంటారు, మేం పట్టిక అంటాం. మాదాంట్లో పన్నెండు వేల పేర్లు, నంబర్ల వరసలో. డీబగ్గర్ నిజానికి అడుగడుగూ నడవదు. జాబితా నడిమికి వెళ్లి చూస్తుంది. మనిల్లు ఇటా అటా తేల్చుకుని సగం వదిలేస్తుంది. మిగిలిన సగంలో మళ్లీ నడిమికి. పద్నాలుగు చూపుల్లో పేరు పట్టుకుంటుంది. కౌంటర్లో తాను కూడా అలాగే వెతికేదట.

నేను చేరి ఆరు నెలలయింది. ఆరు నెలలు పరీక్షాకాలం. ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి మేనేజరు పిలిచి, ఉండమనో వెళ్లమనో చెప్పాలి. ఆ వారంలోనే, మా కట్టడంలోనే పరీక్షకని మాకిచ్చిన సామాన్ల లిఫ్టు మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ డీబగ్గర్ కాగితం మీద ఒకే పేరు చెప్పింది. నేను రాసిన ఫంక్షన్ పేరు. తలుపు మూసి ఉందో లేదో చూసి చెప్పడం, అంతే దాని పని.

మూడో కాగితం మేనేజరు ట్రేలో పెట్టింది వదినే. పొద్దున్న బస్సులో పక్కనే కూర్చుని వచ్చిన మనిషి, నా డబ్బాలో అన్నం సర్దిన మనిషి, తిన్నగా వెళ్లి పెట్టేసి వచ్చింది.

"పట్టిక చెప్పింది నేను చెప్పాను. మరదలివని దాచనా?"

"ఆడపడుచు మీద కక్ష తీర్చుకోడానికి పన్నెండు వేల పేర్లలో నా పేరే దొరికిందా వదినా?"

"కక్షే అయితే మీ అన్నయ్య పేరు చెప్పేదాన్ని. ఆయన ఇక్కడ లేడు కాబట్టి బతికిపోయాడు."

ఇద్దరం నవ్వాం గాని, నాకు లోపల గుబులుగానే ఉంది. ఉద్యోగం పోతే ఇంకొకటి దొరకొచ్చు. లిఫ్టు ఆపినదాన్ని అన్న మాట మాత్రం వెంట వస్తుంది. తలుపు చూసే ఆ ఫంక్షన్ పన్నెండు వరసలే. వాటిని నేను వందసార్లు చదివాను. తప్పు లేదు. ఉంటే నాకు కనబడటం లేదు.

ఆఖరి రోజు తీరిక దొరికేసరికి మూడు దాటింది. భోజనం డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాం. వదిన బల్ల లిఫ్టు గోడకు ఆనుకుని ఉంటుంది. తాళ్లు కదిలితే మంచినీళ్ల సీసా సన్నగా వణుకుతుంది. నేను నా పన్నెండు వరసలూ అచ్చు తీసి ఆమె డబ్బా పక్కన పరిచాను.

"చూడు. ఎక్కడ పడిందో నువ్వే చూపించు."

ఆమె తింటూనే వంగి చూసింది. "ఇంతేనా? ఇంకో కాగితం ఏదీ?"

"ఇంకో కాగితం లేదు. ఇంతే."

"మొత్తం ఎన్ని బైట్లు?"

"నలభై ఎనిమిది."

వదిన నమలడం ఆపింది. తన కాగితం తీసింది. నా ఫంక్షన్ పేరు, పక్కన కూడిక గుర్తు, దాని పక్కన ఒక అంకె. మూడు కాగితాల్లోనూ అదే అంకె.

"రెండు వేల నూట అరవై" అని చదివింది.

"ఏంటది?"

"నీ ఇంట్లో ఎంత లోపల పడిందో ఆ లెక్క." కాగితం నా వైపు తిప్పింది. "పిల్లా, నీ ఇల్లు నలభై ఎనిమిది అడుగులు. దొంగ రెండు వేల నూట అరవై అడుగుల లోపల దొరికాడట."

ముందు నాకు వచ్చింది నవ్వు. తరవాత ఆమెకు. ఆమెది ఎక్కిళ్లలోకి దిగింది. ఒక చేత్తో సీసా వెతుక్కుంటూ ఇంకో చేత్తో తన నుదురు కొట్టుకుంటూ, "మూడు కాగితాలు! మూడు! ఒక్కసారీ ఆ అంకె చూడలేదే నేను! పేరు చదవడం, ట్రేలో పెట్టడం!" అంది.

"మరి అంత దూరంలో ఉన్నది ఎవరిల్లు?"

"అదే గదా. ఎవరిదో ఒకరిది. పలక లేదు."

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మేనేజరును మేం చాటుగా కత్తెరాయన అంటాం. సమావేశాలు కత్తిరిస్తాడు, ఉత్తరాలు కత్తిరిస్తాడు, మనం మాట్లాడే వాక్యం కూడా సగంలో కత్తిరిస్తాడు. రెండు వారాల కిందట రేకు పెట్టెలో చోటు చాలడం లేదని పట్టికలో కొన్ని పేర్లు కత్తిరించాడు. పాత కోడ్ పేర్లు. పద్నాలుగేళ్లుగా ఒక్కసారీ పడని దానికి పేరెందుకని ఒకే వరసలో మాకు తెలియజేశాడు.

"పలకలు పీకేశారని నాకు తెలుసు" అంది వదిన. "పీకేశాక వెనక్కి నడిచేవాడు ఎక్కడ ఆగుతాడో ఆలోచించలేదు. అలా నడుచుకుంటూ, నడుచుకుంటూ, నీ పలక కనబడేదాకా వచ్చాడు. పేరున్న పాపానికి నువ్వు దొరికావు."

"మరి నీ డీబగ్గర్ తెలియదని చెప్పొచ్చుగా?"

"తెలియదని చెప్పడం నేను నేర్పలేదు."

"వంటింటి స్విచ్చుకి నేర్పావు."

"నోర్మూసుకుని లే."

పట్టికలో ప్రతి పేరు పక్కనే ఆ ఇంటి పొడుగు కూడా ఉంటుంది. ఇంటి పొడుగు దాటితే ఆ పేరు చెప్పకు, అని ఒక్క వరస చేర్చాలి. తొమ్మిదేళ్ల కిందట పలక లేని ఇల్లు ఉండేది కాదు కాబట్టి ఆమె చేర్చలేదు. ఇప్పుడు నిలబడే చేర్చింది. మూడు కాగితాల అంకెలూ మళ్లీ ఇచ్చింది. తెర మీద మూడుసార్లు వచ్చింది: తెలియదు. తెలియదు. తెలియదు.

ఆ మాట చూసి అంత సంతోషపడినవాళ్లు ఇంకెక్కడా ఉండరేమో. వదిన కుర్చీలో కూలబడి, నేలను కాలితో తన్ని ఒక చుట్టు తిరిగింది. తిరుగుతూనే "పద" అంది. నాలుగయ్యేదాకా ఆగలేకపోయాం.

మేనేజరు గదిలో బల్ల మీద రెండే ఉన్నాయి. నా ఉత్తరం, పెన్ను. ఉత్తరంలో ఉండమని ఒక వరస, వెళ్లమని ఒక వరస, అక్కర్లేనిది కొట్టేయాలి. ఆయన ఇంకా కొట్టేయలేదు.

"నాలుగు కాలేదు" అన్నాడు.

"సార్, ఒక్క తప్పు ఒప్పుకుని వెళ్తాను" అంది వదిన. "నా డీబగ్గర్ అబద్ధం ఆడింది. ఈ వారమంతా ఆడింది. ఈ పిల్ల పేరు మూడుసార్లు చెప్పింది, మూడూ తప్పు. తప్పు నాది."

ఆయన కాగితం తీసుకుని రెండు అంకెలూ చూశాడు. నలభై ఎనిమిది. రెండు వేల నూట అరవై. మొహంలో ఏమీ కదలలేదు.

"తెలియదు అంటే, ఆమెది కాదని మాత్రమే. ఎవరిది?"

"అది మీ దగ్గరుంది సార్. కత్తిరించక ముందున్న పట్టిక."

"పాత కోడ్ పద్నాలుగేళ్లుగా..."

"పడలేదు సార్. పడిందని నేనూ అనడం లేదు. పేరు అడుగుతున్నాను, అంతే. కౌంటర్లో కూడా అంతే అడిగేవాళ్లు."

ఆయన మాటను సగంలో ఇంకొకరు కత్తిరించడం నేను అప్పుడే చూశాను. గొంతులో నవ్వు ఆపుకోవడానికి గోడ మీద గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. ముల్లు నాలుగుకు ఏడు నిమిషాల ఇవతల ఉంది.

ఆయన తన కంప్యూటర్లో పూర్తి పట్టిక తెరిచాడు. వదిన అంకె చదివింది, ఆయన కొట్టాడు. పేరు వచ్చింది. ఈసారి మూడు వందల బైట్ల ఇల్లు, డెబ్భై రెండు లోపల. సరిపోయింది.

ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. "ఇది నేను రాశాను" అన్నాడు.

అప్పుడు వదినకు ఎక్కిలి వచ్చింది. ఒక్కటే, స్పష్టంగా. ఆయన తలెత్తి చూశాడు, మూతి వంకర పోయింది, ఆరు నెలల్లో మొదటిసారి ఆయన పళ్లు చూశాను. పై వరసలో ఒకటి లేదు.

అది బటన్లు నొక్కినప్పుడు వచ్చే పిలుపుల్ని దాచే ఫంక్షన్. పద్నాలుగేళ్ల కిందట మా లిఫ్టులు పదహారు అంతస్తులకు మించి వెళ్లేవి కావు. ఆయన పదహారు గళ్లు కట్టాడు. ఈ కట్టడానికి ఇరవై అంతస్తులు. పరీక్ష చేసేవాళ్లు చేతులు రెండూ చాచి బటన్లన్నీ నొక్కేవారు. పదిహేడో పిలుపు గోడలోకి దూరేది, కెర్నెల్ పడిపోయేది.

గళ్లు ముప్పై రెండు చేసి, ఎక్కువొస్తే కాదనమని ఇంకో వరస రాశాడాయన. ఐదున్నరకు ముగ్గురం సామాన్ల లిఫ్టు ఎక్కాం. లోపల మనుషులకు బదులు పెట్టిన ఇసుక బస్తాలున్నాయి. ఒక దాని మీద వదిన కూర్చుంది.

"నువ్వే నొక్కు" అన్నాడాయన నాతో.

ఒకటి నుంచి నొక్కుతూ పోయాను. వదిన పైకి లెక్కపెట్టింది. పదహారు దగ్గర నా వేలు ఆగింది.

"తలుపు మూసే ఉందిగా మరదలా, చూసి చెప్పడం నీ పనే" అంది.

పదిహేడు నొక్కాను. ఏమీ కాలేదు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. లిఫ్టు కదిలింది.

అన్నీ నొక్కితే అన్నిచోట్లా ఆగుతుంది. ఒకటి నుంచీ ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకునేది. ఇంటికి బయల్దేరిన జనం సంచులతో నిలబడి ఉండేవారు. లోపల బస్తాలు, వాటి మధ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్న ముగ్గురు. ఎవరూ ఎక్కేవారు కాదు. ఏడో అంతస్తులో ఒక పెద్దావిడ తొంగి చూసి, "ఏమైందమ్మా?" అని అడిగింది.

"ఏమీ కాలేదండీ!" అంది వదిన. "అదేనండీ సంగతి! ఏమీ కాలేదు!"

తలుపు మూసుకుంది. మేనేజరు జేబులోంచి నా ఉత్తరం తీసి గోడకు ఆనించాడు. వెళ్లమన్న వరస కొట్టేశాడు. సంతకం మొదలుపెట్టగానే ఎనిమిదిలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు, తొమ్మిదిలో ఆగింది. పదిలో పూర్తి చేశాడు. ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ సంతకం మూడు అంతస్తుల పొడుగు.