కంచె అవతలి కాలిబాట

మలయాకు మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చి, మా రబ్బరు తోట చుట్టూ ఉన్న ముళ్ళకంచె తీసేశాక కూడా మా పెద్దమ్మ ఒకప్పుడు గేటు ఉండే చోట ఆగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడేది.

“ఎవరూ లేరు పెద్దమ్మా,” అంటే, “తెలుసు లా. సేతులే దిగవు,” అనేది, మలయావాళ్ళ ‘లా’ తగిలించి.

ఆ గేటు దాటితే కాలిబాట. రబ్బరు చెట్ల నడుమ నుంచి, చిత్తడి పక్కగా, మా ద్వీపం అవతలి ఒడ్డు దాకా పోతుంది. అక్కడి తోటలోనే పెద్దమ్మ కూతుర్ని, మా అక్కని, ఇచ్చారు. బ్రిటిషువాళ్ళు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో, అడవిలోని తిరుగుబాటుదారులకు చేరుతుందన్న భయంతో, గేటు దాటి పిడికెడు బియ్యం కూడా పోనిచ్చేవారు కాదు.

అక్క ప్రసవించిందనీ, రేషను బియ్యం చాలడం లేదనీ కబురు రాగానే పెద్దమ్మ అన్నం మూట కట్టుకుని బయల్దేరింది. కావలివాడు ఆమెను తడిమి, మూట పట్టుకున్నాడు. పారబోయమన్నాడు.

“బాలింతకి, బాబూ.”

అతను వినలేదు. పారబోయడానికి మనసొప్పక, పెద్దమ్మ అక్కడే కూర్చుని ఆ అన్నమంతా తినేసింది. తర్వాత ఒట్టి చేతులతో ఆ దారంతా ఒంటరిగా నడిచింది.

గుమ్మంలో తల్లిని చూసి అక్క, “ఏటైనా తిన్నావా అమ్మా?” అని అడిగిందట.

“తిన్నానే,” అంటూ పెద్దమ్మ గోడకు చేరగిలబడింది. “నీ అన్నమే తినేసినాను.”