తాత కన్ను, తెల్ల తోక

ఇది ఒక మహాకావ్యం. ఇందులో భీకర ప్రతిజ్ఞ ఉంది, వనప్రవేశం ఉంది, ఆకాశం నుంచి దిగివచ్చిన శ్వేతపక్షి ఉంది. ఇంతవరకు చదివి చేతులు జోడించినవాళ్లు ఇక దించేయవచ్చు. ప్రతిజ్ఞ చేసింది మా తాత. వనమంటే కోరుట్లలో మా మేనత్త వాళ్ల మామిడితోట. పక్షి పిడికెడు కూడా లేదు.

సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపిన తాతకు రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లం, ముదిరింది. కుడికన్ను మరీ అధ్వానం. ఒకరోజు ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండర్ ముందు నిలబడి భక్తిగా దండం పెట్టాడు. అందులో ఉన్నది ట్రాక్టరు. మేం నవ్వుకున్నాం. మర్నాడు నడుస్తున్న మగ్గంలో తెగిన పోగు అందుకోబోతే మా నాన్న చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఇంకో క్షణమైతే వేలు పోయేది. ఆ తర్వాత ఎవరం నవ్వలేదు. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ కష్టమని జగిత్యాల కంటి డాక్టరు చెప్పాడు.

తాత సరేనన్నాడు. ఒక్కటే షరతు.

"దసరనాడు పాలపిట్ట నా కండ్లవడాలె. గప్పుడే కంటికి కత్తి తాకనిస్త."

దసరానాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా శుభమని మా దగ్గర నమ్మకం. మంచిదే. కానీ చూడాలంటే కన్ను కావాలి, కన్ను కావాలంటే చూడాలి. ఈ చిక్కుముడిలో రెండు దసరాలు గడిచిపోయాయి. పోయినేడు కరెంటు తీగ మీద నిజంగానే పాలపిట్ట వాలితే, తాత పక్కనున్న స్తంభం దిక్కు తదేకంగా చూసి, "కదుల్తలేదేందిరా?" అన్నాడు.

ఈసారి దసరాకు అత్త మమ్మల్ని కోరుట్ల పిలిచింది. తోటలో పిట్టలు బాగా తిరుగుతున్నాయట. సాయంత్రం తాతను బోరు తొట్టి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అత్త ఒకపక్క, నేను ఒకపక్క. ఏ పిట్ట వాలినా పాలపిట్టే అనాలని ముందే అనుకున్నాం. అబద్ధానికి ఇద్దరు సాక్షులుండాలి కదా.

పాలపిట్ట రాలేదు. వచ్చింది ఇంకొకటి. నిగనిగలాడే నల్లని తల, దువ్వి నిలబెట్టినట్టు జుట్టు, కంటి చుట్టూ నీలం గీత, కిందంతా పాలతెలుపు. ఇక తోక సంగతి. పిట్ట జానెడు లేదు, వెనకాల రెండు తెల్లని రిబ్బన్లు మాత్రం దాని ఒంటికంటే పొడుగ్గా వేలాడుతున్నాయి. కొమ్మ మీంచి ఎగిరి గాల్లోనే ఈగను పట్టి ఇంకో కొమ్మ మీద వాలేది. పిట్ట వచ్చిన కాసేపటికి తోక వచ్చి చేరేది. మధ్యమధ్యలో తొట్టి నీళ్లలో దభాలున ఒక మునక. ఇంత సింగారం చేసుకుని తినేది దోమలు. పుస్తకాల్లో దీని పేరు తోకపిగిలిపిట్ట. అత్త మాత్రం రిబ్బన్ పిట్ట అంటుంది.

ఇంత అందాన్ని చూసినవాడు పాట కోసం చెవి రిక్కిస్తాడు. నేనూ రిక్కించాను. అది నోరు తెరిచింది: "జ్రీక్! జ్రీక్!"

తాత తలెత్తాడు. "గా మోటరుకు జర నూనె వెయ్యుమని చెప్పుర్రి."

గూడు కట్టే కాలంలో తియ్యగా కూడా పాడుతుందట. జత కుదిరేదాకా పాట, మిగతా ఏడాదంతా జ్రీక్. మా ఇంటి మగవాళ్ల పద్ధతే.

అది చీకటి పట్టిన ఆకుల ముందు నుంచి మళ్లీ ఎగిరింది. తాత మెడ దాని వెనకే తిరిగింది.

"ఓ పోరడా, ఏందో తెల్లగ కదుల్తాంది. పోగు గాలికి కొట్టుకపోయినట్టు."

"గదే బాపు, పాలపిట్ట!" అంది అత్త, ఊపిరి కూడా తీసుకోకుండా.

"పాలపిట్ట నీలంగుంటది గద బిడ్డా?"

అత్త నావైపు చూసింది. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే మరి.

"ముసల్దైంది తాతా. నెరిసింది."

"పిట్టలకు గూడ నెరుస్తదార?"

"నెరుస్తది."

తర్వాత తెలిసింది, ఈ పిట్టల్లో మగవి చాలావరకు మొదట ఇటుకరంగులో ఉండి, వయసొచ్చాక తెల్లబడతాయట. నా జన్మలో నేను శాస్త్రీయంగా మాట్లాడింది అదొక్కసారే, అదీ అబద్ధమనుకుని.

"మరి గంత ముసల్దానికి దోమలెట్ల కనవడ్తున్నయ్?"

"ఆపరేషన్ చేయించుకున్నది."

"యాడ?"

"జగిత్యాలల."

అత్త నా తొడ మీద గట్టిగా గిల్లింది. తాత నవ్వలేదు. పిట్ట మళ్లీ జ్రీక్ అంది.

"పాలపిట్ట గిట్ల గీకదు బిడ్డా," అన్నాడు మెల్లగా. "నా కండ్లు పోయినయ్ గని అకల్ పోలే."

అత్త తల దించుకుంది. ఇంకో ఏడాది పోయినట్టేననుకున్నాను. ఇంకో ఏడాదంటే ఇంకెన్ని తెగిన పోగులో. కానీ తాత మెడ ఆగలేదు. తోక ఎటు పోతే అటు తిరుగుతూనే ఉంది.

"దీని తలకాయేదిరా? ఉత్త తోకనే ఎగుర్తాంది."

"తల నల్లగుంటది తాతా. చీకట్ల కలిసిపోయింది."

"తలకాయ సూడకుంట దండం ఎవ్వలకు పెట్టాలె?" తోక దిక్కు ఇంకోసారి కళ్లు చిట్లించాడు. "డాక్టరుకు ఫోన్ కొట్టు. పాలపిట్ట రానియ్యి, రాకపోనియ్యి."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. సన్నివేశానికి తగ్గట్టు పిట్ట ఇప్పుడైనా పాడితే బాగుండేది. అది తొట్టిలో ఇంకో మునక వేసి, రెక్కలు దులుపుకుని, మా ముగ్గురినీ తడిపి వెళ్లిపోయింది.

జగిత్యాలలో కుడికంటికి ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. మర్నాడు పట్టీ విప్పారు. తాత తొలిపలుకు కోసం మంచం చుట్టూ నిలబడ్డాం. అత్తను చూశాడు. మా నాన్నను చూశాడు. నన్ను కాస్త ఎక్కువసేపు చూశాడు.

"గింతేనా?" అన్నాడు.

పదిరోజుల తర్వాత కోరుట్ల వెళ్తే పిట్ట లేదు. ఈ కాలంలో అవి వలస దారిలో ఆగి పోయేవేనట. తాత ఒక్కో చెట్టు కింద నిలబడి, ఒక్కో కొమ్మా చూసుకుంటూ తోటంతా తిరిగాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. చివరికి కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. అత్త కంటిచుక్కల సీసా తెచ్చింది.

డాక్టరు చెప్పింది ఇదీ: చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేయాలి, చేతులు కడుక్కున్నాకే. సీసా మూత తీసిన నెలకు, మందు మిగిలినా పారేయాలి.