రాతిపలక మీద ఒక పేరు

మే తొమ్మిది, శనివారం. సింగపూర్‌లో, క్లెమెంటిలోని మా ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్న ఇటలీ విద్యార్థి ఆ మధ్యాహ్నం మాతో భోజనానికి కూర్చున్నాడు గాని, అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. వాళ్ళ దేశం నుంచి అమెరికాకు వలస వెళ్ళినవారిలో పుట్టిన నేరముఠాల చరిత్ర మీద అతను పరిశోధన చేస్తున్నాడు. ఆ ముఠాలు డబ్బు కోసం బెదిరింపు ఉత్తరాలు రాసింది పరాయివాళ్ళకు కాదట. పోలీసుల భాష రాని సొంత ఊరి పళ్ళ వ్యాపారులకూ, బేకరీల వాళ్ళకూ. ఒకే ఓడ దిగినవాళ్ళు ఒకరినొకరు అలా ఎందుకు పీడించుకున్నారో, అతను ఎన్నిసార్లు చెప్పినా నాకు బోధపడలేదు.

ఇప్పుడు ఆ చిక్కు అతని ఇంటికే వచ్చింది. వలస వెళ్ళినవారి పేర్లతో వాళ్ళ ఊళ్ళో రాతిపలక నిలబెడుతున్నారు. అతని నాయనమ్మ, అమెరికా వెళ్ళిన తన తాత అక్కడ మర్యాదగా బతికాడో లేదో కనుక్కోమనీ, అలా బతికి ఉంటేనే పేరు ఇస్తాననీ అంది. కోర్టు కాగితాలు చూస్తే ఆ పేరు రెండు చోట్ల కనిపించింది: డబ్బు ఇచ్చుకున్నవారి ఫిర్యాదుల్లోనూ, నిందితుల్లోనూ.

"వేరు వేరు మనుషులై ఉండాలి అంకుల్. మా ఊళ్ళో అన్నదమ్ములందరూ పెద్దకొడుక్కి తాత పేరే పెడతారు."

ఇక్కడే సెంబవాంగ్‌లో పుట్టి పెరిగిన, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించే మా అత్తగారు నవ్వేశారు. "మాకూ అంతే లా! మా ఇంట్లో ఒకే పేరుతో ముగ్గురు. పెద్దోడు, నల్లోడు, పిల్లికళ్ళోడు. మకాన్ రెడీ, అన్నానికి రా అని ఉత్త పేరు పెట్టి పిలిస్తే ముగ్గురూ వచ్చేవాళ్ళు. ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళో వాళ్ళ మామ్మని అడగమను."

నేను ఇంగ్లీషులో చెప్పగానే అతని ముఖం తేరుకుంది. ఆ కాగితాల్లో మారుపేర్లు కూడా ఉంటాయట. వెంటనే ఫోన్ చేశాడు. అవతల ముసలి గొంతు ఒకే మాట రెండుసార్లు అంది.

"ఒంటిచెవి వాడు" అని మాకు చెప్పి, ల్యాప్‌టాప్‌లో ఆ కాగితాలు తెరిచాడు.

నిందితుడు ఒంటిచెవి వాడు. ఫిర్యాదు చేసినవాడూ ఒంటిచెవి వాడే. మనిషి ఒక్కడే. ఉత్తరాలకు భయపడి డబ్బు ఇచ్చాడు. ఇచ్చుకోలేని స్థితి వచ్చాక ముఠా తరఫున అలాంటి ఉత్తరాలే ఇతర దుకాణాలకు మోశాడు.

అకౌంటెంటుగా ఏ ఖర్చు ఏ పద్దులో వేయాలో ఏనాడూ తడుముకోని నేను, ఈ మనిషిని ఎక్కడ వేయాలో తెలియక కూర్చున్నాను.

"నాయనమ్మ లైన్‌లోనే ఉంది. పేరు ఇవ్వమంటారా అంకుల్?"

"ఇయ్యమను. మొయ్యకపోతే బతకనిస్తారా వాణ్ణి?" అన్నారు అత్తగారు.

ఆ మాట చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "ఉత్తరాలు అందుకున్నవాళ్ళ పేర్లూ ఆ రాయి మీదే ఉంటాయి."

ఫోన్‌లో చాలాసేపు చెప్పాడు. తరువాత ఆవిడ ఏదో చిన్న ప్రశ్న వేసింది.

"ఎవరెవరి దుకాణాలో చెప్పమంటోంది. వాళ్ళ మనవలు ఆ వీధిలోనే ఉన్నారట. వెళ్ళి, మా తాత పేరు ఇవ్వవచ్చా అని వాళ్ళనే అడుగుతుందట."

అతను ఒక్కొక్క పేరే చదవసాగాడు. వాళ్ళు వద్దంటే ఆవిడ ఏం చేస్తుందో, సరేనంటే దానికి అర్థమేమిటో, నాకు రెండూ తోచలేదు.