మెల్లగా మాస్టారి లైసెన్సు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళకు పొద్దస్తమానం "మెల్లగా, మెల్లగా" అని జపం చేసి చేసి మెల్లగా మాస్టారయ్యాడు. మెతక మనిషే గాని, ఒక్క విషయంలో మహా చాదస్తం. ఎవరైనా క్లచ్ టక్కున వదిలేసి "బండి ఆగిపోయింది మాస్టారూ" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"దానికదే ఎందుకాగుతుంది? ఆపేశాను అను."

గోడ తగిలిందన్నా అంతే. "గోడ నడిచొచ్చి తగిలిందా? గుద్దాను అను." ఆ మాట అనిపించేదాకా మళ్ళీ తాళం తిప్పనిచ్చేవాడు కాదు.

అలాంటివాడు తాగి బండి నడుపుతూ దొరికిపోయాడు.

స్కూలు కారు బాగుచేసే మెకానిక్ పని మానుకుంటూ మధ్యాహ్నం విందు ఇచ్చాడు. మాస్టారికి మందు అలవాటు లేదు. స్నేహితుడి మాట కాదనలేక పుచ్చుకున్నాడు. "బండి ఇక్కడే వదిలెయ్, ఇంటి దగ్గర దింపిస్తా" అని మెకానిక్ మొత్తుకున్నాడు. "డ్రైవింగు నాకు చెప్తున్నావా?" అని తాళాలు లాక్కుని మరీ బయల్దేరాడు ఈయన. ఆ ఒక్క మాటకు ఆయన్ని ఎంత తిట్టినా పాపం లేదు.

కూడలిలో పోలీసులు ఆపి గొట్టం ఊదమన్నారు. ఆ గొట్టం పట్టుకున్న కానిస్టేబులు ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. "మీరా మాస్టారూ!" అని తల పట్టుకున్నాడు. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, కేసు కోర్టుకెక్కింది.

ఉద్యోగానికి ఢోకా లేదు. "లైసెన్సు పోతే ఉన్న ఒక్క కారూ షెడ్డులో పెడతాను. మీరు ఆఫీసు గదిలో రోడ్డు గుర్తులు నేర్పుదురుగాని" అని స్కూలు యజమానురాలు భరోసా ఇచ్చింది. ఆయన్ని కుమిలిపోయేలా చేసింది కూతురి సంగతి. పద్దెనిమిదేళ్ళు నిండగానే నువ్వే నేర్పాలని ఆ పిల్ల చిన్నప్పుడే మాట తీసుకుంది. మొన్ననే నిండాయి. లెర్నర్స్ లైసెన్సు చేతికొచ్చింది. స్టీరింగు ముట్టుకునేలోపే తండ్రి ఈ ఘనకార్యం చేశాడు. ఆ పిల్ల తిట్టలేదు. "ఎందుకు నాన్నా?" అంది, అంతే.

"మొదటిసారే కదండీ" అన్నాడు లాయరు. "దగ్గుమందు వల్ల పొరపాటు జరిగిపోయిందనండి. డాక్టరు చీటీ నేను చూసుకుంటా. జుల్మానాతో సరిపోతుంది. వచ్చే వారమే అమ్మాయికి నేర్పుకోవచ్చు."

మాస్టారు తలూపాడు. అవును, ఊపాడు. కూతురికి తనే నేర్పాలన్న ఆశ అంతటిది.

కోర్టు గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. వెనక బెంచీ మీద కూతురు కూర్చుంది. ఏం జరిగిందని జడ్జిగారు అడిగారు.

"దగ్గుమందు వల్ల పొరపాటు జరిగి..." అని మొదలుపెట్టి మాస్టారు ఆగాడు. లాయరు కానివ్వమని కనుసైగ చేశాడు.

"జరగలేదండి. నేనే చేశాను. దగ్గూ లేదు, మందూ లేదు. సారా తాగాను. వద్దంటున్నా వినకుండా నడిపాను."

లాయరు తన కాగితాలు మూసేసుకున్నాడు. జడ్జిగారు జుల్మానా వేసి, ఆరు నెలలు బండి నడపడానికీ నేర్పడానికీ వీల్లేదన్నారు. కారులో కూర్చుని ఎదుటివాళ్ళకు నీతులు ఎవరైనా చెబుతారు. కోరుకున్నది చేజారిపోతుందని తెలిసీ, కన్నకూతురు చూస్తుండగా నిజం చెప్పడానికి గుండె కావాలి. మెల్లగా మాస్టారికి ఆ గుండె ఉంది.

"ఆరు నెలలే కదా నాన్నా, ఆగుతాలే. నీ దగ్గరే నేర్చుకుంటా" అంది కూతురు బయటికొచ్చాక.

ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని తిన్నగా పక్క వీధిలోని ఇంకో డ్రైవింగ్ స్కూలుకు నడిచాడు. అక్కడి మాస్టారికీ ఈయనకూ ఉప్పూ నిప్పూ. "వాడికి బ్రేకు తొక్కడం తప్ప ఏమొచ్చు?" అని ఊరంతా చెప్పుకు తిరిగింది ఈయనే. ఇప్పుడు ఆ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఆరు నెలలు నేను బండి ముట్టుకోకూడదని కోర్టులో శిక్ష వేశారు. మా అమ్మాయికి నువ్వు బండి నేర్పాలి."

అవతలాయన తెల్లబోయాడు. నాలుగు మాటలనడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. అయినా అనలేదు. "ఆరు నెలలెంతసేపయ్యా? నీ చేత్తో నువ్వే నేర్పుకో" అన్నాడు.

"నేనూ అదే చెప్తున్నా పెదనాన్నా" అంది కూతురు.

మాస్టారు వాకిట్లో ఉన్న కారు తలుపు తీసి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"శిక్ష నాకు వేశారమ్మా, నీకు కాదు. ఎక్కు."

ఆమె ఎక్కింది.