దివాన్ గారి ఇంట్లో సర్వర్

మా ముత్తాత శ్రీకాకుళం వైపు ఒక జమీందారుకి దివాన్. మా తాత బెంగాల్లో లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్. నేను అక్కడి తెలుగు బడికి గౌరవ కార్యదర్శిని, అంటే జీతం లేనివాణ్ణి.

ఒక ఆఫీసు పారేసిన పాత కంప్యూటర్లు పది బడికి తెచ్చాం. "వీటికి సొంత బుర్ర లేదు దాదా. అన్నిటికీ కలిపి ఆలోచించే మంచి సర్వర్ ఒకటి కావాలి, లేకపోతే ల్యాబ్ లేనట్టే," అన్నాడు బెంగాలీ ఇంజనీరు.

ఇంటికొచ్చి అమ్మతో సర్వర్ కావాలన్నాను.

"దివాన్ గారి మునిమనవడికి హోటల్ సర్వరేటి? వడ్డించడానికి నేను లేనేటి?"

విషయం వివరించాను.

"పదిమంది బుర్ర లేనోళ్ళకి ఆలోచించేవాడు ఒక్కడా? మన వంశం అలాగే మునిగిందిరా!"

చందా అడగడం మా ఇంటా వంటా లేదు. ఆ వారమే సర్వర్ కొనడానికి ముత్తాత వెండి కంచాలు నాలుగూ భవానీపూర్‌ వెండి కొట్లో అమ్మేశాం.