నందిగామ మీదుగా మా ఆయన

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అందుకని అన్నిటికన్నా పెద్దదాన్ని ఒక్కటే చెబుతాను. అది కూడా లెక్కలు వేసి మరీ చేశాను, అదీ నా గొప్ప.

ఎనభైల మొదట్లో మాట. పెళ్లయిన కొత్త. మా ఆయనకు హైదరాబాదులో సిమెంటు కంపెనీలో ఉద్యోగం. అక్కడ ఇల్లు దొరికేదాకా నేను నందిగామలో అత్తగారింట్లో ఉన్నాను. ఆయన నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో బస్సు హారను వినబడితే చాలు, పొయ్యి మీద కూర మాడేది.

ఒకసారి వచ్చినప్పుడు, "వచ్చే బుధవారం మా ఆఫీసరుతో విమానంలో గన్నవరం వస్తున్నా. మధ్యాహ్నం బెజవాడలో మీటింగు, అది అవగానే రైల్లో మద్రాసు. ఇంటికి రావడం కుదర్దు" అన్నారు.

ఇంటికి రాకపోతే ఏం, ఇంటి మీదుగా పోతారుగా! మా మరిది అట్లాసు తీసి, బేగంపేట నుంచి గన్నవరానికి దారం పెట్టి కొలిచాను. రెండువందల డెబ్బై కిలోమీటర్లు తేలింది. విమానానికి ముప్పావుగంట ప్రయాణం. దారం సరిగ్గా మా డాబా మీదుగానే పోయింది. (అట్లాసులో నందిగామ లేదు లెండి. చుక్క నేనే పెట్టుకున్నాను.) జగ్గయ్యపేటలో మా అమ్మకు కూడా కబురు పెట్టాను, ముందు మీ ఊరే వస్తుంది, చెయ్యి ఊపమని.

బుధవారం పెళ్లి చీర కట్టుకుని, దుప్పటి పట్టుకుని, అత్తయ్యను వెంటబెట్టుకుని డాబా ఎక్కాను. విమానం మోత వినబడింది. అదే సమయానికి కింద గేటు చప్పుడు.

"ఎవరండీ? కాసేపాగండి, మా ఆయన వెళ్తున్నారు!" అని తల తిప్పకుండానే అరిచాను.

ఆ మోతలో కింది గొంతు సగమే వినబడింది. "ఎక్కడికండీ?"

"గన్నవరం! పైన కనపడట్లా?"

"ఏ కిటికీ దగ్గర కూర్చున్నారో?"

"అదంతా మీకెందుకండీ!"

దుప్పటి ఊపాను. ఏడ్చాను కూడా. విమానం చుక్కంతయి, ఆ చుక్క కూడా పోయేదాకా ఊపుతూనే ఉన్నాను. అప్పుడు అత్తయ్య పిట్టగోడ మీంచి తొంగిచూసి కేకపెట్టింది.

"అమ్మాయ్! వీడు కిందున్నాడేంటే? దూకాడా?"

మెట్లు ఎలా దిగానో తెలియదు. వాకిట్లో మా ఆయన, చేతిలో బిస్కెట్ల పొట్లం.

"విమానం నందిగామలో ఆగదుగా! వద్దని చెప్పి తెల్లారగట్ల బస్సెక్కా. టిఫినుకి ఆపితే పరిగెత్తుకొచ్చా."

"మరి నేనేనని చెప్పొచ్చుగా!"

"నాకోసం అంత ఇదిగా ఊపుతుంటే ఆపబుద్ధి కాలా."

బస్టాండులో హారను మోగింది. పొట్లం నా చేతిలో పెట్టి పరుగెత్తారు. నెలంతా ఆయన కోసం ఎదురుచూసినదాన్ని, ఆయన వాకిట్లో నిలబడ్డ ఆ కాసేపూ ఎవరెవరో ఎక్కిన విమానానికి దుప్పటి ఊపాను.

ఆ సాయంత్రమే దేవుడి గూట్లో దీపం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను: విమానం మోత వినబడితే ముందు గేటు చూస్తాను, ఆ తర్వాతే ఆకాశం. ఆయన పోయి ఏళ్లయినా ఆ ఒట్టు తప్పలేదు. ఇవాళ పొద్దున కూడా ఒకటి పోయింది. గేటే చూశాను.