వేవిళ్ళ నెలల్లో మా అత్తగారు

మా అత్తగారు పోయారు. బడిలో పిల్లల చేత ప్రార్థన చేయిస్తుంటే మొగల్తూరు నుంచి మా మరిది ఫోన్ చేసి, "వదినా, అమ్మ లేవట్లేదు" అన్నాడు. నిద్రలోనే వెళ్ళిపోయారట. మేం వెళ్ళేసరికి ఇంటినిండా జనం. ఆవిడ గంప ఎత్తుకుని "చేపలమ్మా" అని కేకేస్తే రెండు వీధుల అవతలికి వినపడేదని ఒకరూ, తూకంలో ఎప్పుడూ మోసం చెయ్యలేదని ఒకరూ చెప్పుకుంటున్నారు. అన్నీ నిజాలే. కానీ ఆవిడ తలపుకొస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది నా వేవిళ్ళ కాలం.

మా పుట్టిల్లు పిఠాపురం వైపు. చేపలు తినేవాళ్ళమే గానీ అమ్మేవాళ్ళం కాదు. పెళ్ళయి వచ్చిన ఏడాదే మా పెద్దమ్మాయి కడుపున పడింది. మా ఆయనా, మరిదీ బోటు మీద వేటకెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు. ఇంట్లో అత్తాకోడళ్ళం ఇద్దరమే. రెండో నెల వచ్చేసరికి తిన్న మెతుకు తిన్నట్టే బయటికొచ్చేది. ఇదంతా చేపల వాసన వల్లేనని అత్తగారు తీర్మానించేశారు. డాబా మీద ఎండబెట్టిన రొయ్యలు వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళిపోయాయి. గంప గుమ్మం దాటి లోపలికి రాలేదు. బజారు నుంచి రాగానే పెరట్లో కూర్చుని చింతపండు పిప్పితో చేతులు తోముకుని, సెనగపిండి రాసుకుని, ఆపైన కొత్తగా కొన్న మల్లెపూల వాసన సబ్బుతో ఒళ్ళు రుద్దుకునేవారు. అంతా అయ్యాక నా పక్కన కూర్చుని, "ఇప్పుడు చెప్పమ్మాయ్, వాసనొస్తందా?" అనేవారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పాపం, ఇంకా వదల్లేదు కాబోలనుకుని మర్నాడు ఇంకాస్త గట్టిగా తోముకునేవారు.

ఒకరోజు సబ్బు అయిపోయి ఉత్తి నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి కూర్చున్నారు. నాకేమీ కాలేదు. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి. నాకు పడనిది మీ సబ్బండీ" అన్నాను. ఆవిడ "ఓసి నీ దుంప తెగ! పుట్టి బుద్ధెరిగాక ఇంతలా తోముకోలేదు కదే!" అని కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ తర్వాత నుంచి, "కడుపుతో వాదించకూడదే. అదేం అడిగితే అదే పెట్టు" అనేవారు. పొద్దున్నే మంచం దిగకముందు గుప్పెడు మరమరాలు, గంటకో గుక్క మజ్జిగ తేట, వేడి అన్నం బదులు చల్లారిన గంజి. దేనికైనా ముందు తన నాలిక మీద వేసుకుని చూసి ఇచ్చేవారు.

కొన్నాళ్ళు అలా నెట్టుకొచ్చాం. మూడో నెలలో మంచినీళ్ళు కూడా ఇమడటం మానేశాయి. లేస్తే కళ్ళు తిరిగేవి. నాకు అన్నిటికన్నా పెద్ద భయం బిడ్డ గురించే. నా ఒంట్లోకే ఏదీ వెళ్ళనప్పుడు దానికేం వెళ్తుంది? ఓ మధ్యాహ్నం అత్తగారు నా నాలిక చూసి, "పొద్దుట్నుంచి ఒంటేలుకెళ్ళావా?" అని అడిగారు. లేదన్నాను. ఇంకో మాట లేకుండా ఆటోకి కబురు పెట్టారు.

అప్పుడే మా పెద్దత్త వచ్చింది, అత్తగారి తోటికోడలు. "వేవిళ్ళకి ఆసుపత్రేంటే, చోద్యం కాకపోతే! కక్కితేనే బిడ్డ నిలబడ్డట్టు. మనం కనలేదా?" అంది. ఆవిడ మాటంటే ఇంట్లో అందరికీ హడలే, అత్తగారితో సహా. కానీ ఆ రోజు అత్తగారు నా చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతూ, తలెత్తకుండానే అన్నారు: "కన్నాం అక్కా. కన్నోళ్ళనే లెక్కెడతాం. నా మొదటిదాన్ని ఎవరు లెక్కెట్టారు?"

మా ఆయనకన్నా ముందు ఆవిడకి ఇంకో కడుపు వచ్చిందని నాకు అప్పటిదాకా తెలీదు. నోట్లో నీటిచుక్క నిలవక పడి ఉంటే, అందరికీ వచ్చేవే అని ఇంట్లోనే ఉంచారట. నాలుగో నెలలో పోయింది. పోయింది అందువల్లేనో కాదో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఆవిడ మటుకు అందువల్లేనని నమ్మారు.

నర్సాపురంలో డాక్టరమ్మగారు నన్ను చూసి వెంటనే సెలైన్ పెట్టించారు. వాంతులు తగ్గడానికి మాత్ర ఇచ్చారు. తీరా మాత్ర అరచేతిలోకి వచ్చేసరికి నాకే ధైర్యం చాల్లేదు. మొదటి నెలల్లో మందులు పడకూడదని చిన్నప్పట్నుంచీ వింటున్నదే. అత్తగారు నా మొహం చూసి డాక్టరమ్మగారి వైపు తిరిగారు.

"అమ్మా, ఒక్క మాటడుగుతాను, కోప్పడకండి. ఇదే మీ కూతురైతే ఈ మాత్ర ఇస్తారా?"

"ఇస్తానమ్మా. కడుపుతో ఉన్నవాళ్ళకి ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న మందే ఇది. తినకా తాగకా ఇలా ఎండిపోతేనే ఇద్దరికీ ప్రమాదం."

"విన్నావుగా. ఏసుకో."

వేసుకున్నాను. ఒంటేలుకి వెళ్తే తనకి చెప్పమని నర్సు అంది. సాయంత్రం నేను వెళ్ళిరాగానే అత్తగారు చేపల బజారు గొంతుతో, "సిస్టరుగారండీ, మా కోడలు పోసిందండీ!" అని కేకేశారు. వార్డంతా నవ్వింది. సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఇప్పుడు ఆ కేక మళ్ళీ వినాలని ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నాలుగు చెంచాల గంజి పట్టించారు. మళ్ళీ వాంతైతే పట్టడానికి చిన్న స్టీలు బేసిన్ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. నా గొంతుకేసే చూస్తున్నారు. చూస్తూండగానే నాకు నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. ఆవిడ కూర్చున్న చోటే గోడకి తల ఆన్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నారు. వేళ్ళు మాత్రం బేసిన్ అంచుని వదల్లేదు. అందులో కిటికీలోంచి పడ్డ ఎండ తప్ప ఏమీ లేదు.